తెర మీద నల్ల టేపు

2 నవంబర్ 2003, ఆదివారం

కింబర్లీ పెళ్ళి అయిపోయింది. నాలుగు వందల పన్నెండు ఫొటోలు. తణుకులో మా నాన్న ఒక పెళ్ళికి మూడు రీళ్ళు వాడేవాడు, నూట ఎనిమిది బొమ్మలు. అందులో నాలుగు పాడైతే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

ఇక్కడ, దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కన, నేను పనిచేసే బేసిల్ స్టూడియోకి ఈ డిజిటల్ కెమెరా వచ్చి రెండు నెలలు. కెమెరా మారితే మారింది, దానితోపాటు మనుషులు కూడా మారిపోయారు. ఇదివరకు "రెడీ" అంటే ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఇప్పుడు క్లిక్‌మన్న మరుక్షణం వరస మొత్తం చెదిరి నా వీపు వెనక చేరుతోంది, కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూసుకోవడానికి. ఒకావిడకి కళ్ళు మూతపడ్డాయి, ఇంకొకావిడకి చెయ్యి లావుగా ఉంది, మళ్ళీ తియ్యాలి. తలంబ్రాలు మూడుసార్లు పోయించారు. మొదటిసారి వాళ్ళు నిజంగా పోసుకున్నారు, మిగతా రెండుసార్లూ ఫొటో కోసం. పురోహితుడు కూడా వచ్చి తన బొమ్మ చూసుకుని, కండువా సర్దుకుని, మంత్రం మళ్ళీ మొదలుపెట్టాడు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

పెళ్ళికూతురి తల్లి లొరెయిన్ పొద్దుటి నుంచీ నా పక్కనే ఉంది. మంచి మనిషే, రెండుసార్లు కాఫీ తెచ్చి ఇచ్చింది.

పనికిరానివి అక్కడికక్కడే తీసేశాం. అందరూ చేసేదే. అందులో మేవిస్ అవ్వది ఒకటి. లొరెయిన్ తీసెయ్యమంది, తీసేశాను. వాళ్ళ పెళ్ళి, వాళ్ళ ఆల్బమ్. నాదేం పోయింది.

ఆ తర్వాత కార్డు నిండిపోయిందని చెప్పి రెండోది వేశాను.

3 నవంబర్, సోమవారం

నిద్ర పట్టలేదు. కాళ్ళ నొప్పుల వల్లే అయ్యుంటుంది.

జరిగింది జరిగినట్టు రాసేస్తే మనసులోంచి పోతుంది. అక్షింతలు వేసే వేళకి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే మండపం ఎక్కారు. మేవిస్ అవ్వ కూడా ఎక్కింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కర్ర కిందే వదిలేసి ఎక్కింది. తల్లి పోయిన వీరాని తన బిడ్డలా పెంచింది ఆవిడే. ఆ వీరా లొరెయిన్ మొగుడు, అతని కూతురే కింబర్లీ. అవ్వ రెండు చేతులూ పెళ్ళికూతురి తల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. నేను నొక్కాను. మంచి వెలుతురు ఉంది. బొమ్మ బాగా వచ్చింది.

లొరెయిన్ తెర చూసింది. ఎప్పుడో చెరకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ళ సంతతి, ఇక్కడివాళ్ళంతా ఇంగ్లీషులోనే మాట్లాడతారు, పిలుపులు మాత్రం మనవి మిగిలాయి. గొంతు తగ్గించి అంది.

"అక్కా, ఇది ఉంచొద్దు. అబ్బాయి వైపువాళ్ళు చాలా స్ట్రిక్ట్. మొగుడు పోయిన మనిషి, పైగా చర్చికి వెళ్ళే మనిషి. ‘ఆవిడ చెయ్యా మా కోడలి తల మీద పెట్టించారు’ అంటారు."

"ఆల్బమ్‌లో పెట్టనులే."

"నేను చూస్తుండగా తీసెయ్ అక్కా. ఆ బుట్ట గుర్తు నొక్కు. గ్రానీ లేకుండా ఇంకోటి తియ్."

రీలు కెమెరా అయితే ఈ మాట పుట్టేది కాదు. ఎవరి బొమ్మ ఎలా వచ్చిందో వారం దాకా ఎవరికీ తెలిసేది కాదు. ఆల్బమ్‌లో అతికించకపోయినా నెగెటివ్ కవర్లో పడి ఉండేది. ఇప్పుడు ఎవరు ఉండాలో ఎవరు పోవాలో అక్షింతలు కింద పడేలోపే తేలిపోతోంది.

నా బొటనవేలితోనే నొక్కాను. అవ్వ ఇంకా మండపం మెట్ల మీదే ఉంది.

లొరెయిన్ ఆ మాట నాతోనే ఎలా అనగలిగింది, మొగుడు పోయిన మనిషి అని. నాకూ పోయాడు కదా. తొంభై ఆరులో మొబేని ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చాడు, రెండు వేలలో పోయాడు. ఇంటికి వచ్చెయ్యమని అన్నయ్యలు ఇప్పటికీ ఫోన్లు చేస్తారు. నేను వెళ్ళను. నాకు వచ్చిన పని ఇక్కడుంది. కెమెరా వెనకున్న మనిషికి మొగుడున్నాడా లేడా అని ఎవరూ అడగరు. అందుకే ఈ పని నాకిష్టం. నాకు వెనకే బాగుంటుంది. ఎప్పుడూ అంతే.

4 నవంబర్, మంగళవారం

నేను ఉండేది మేవిస్ అవ్వ ఇంటి వెనక గదిలోనే కాబట్టి తప్పించుకోవడం కుదరదు. సాయంత్రం చేపల పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఏటే పిల్లా, మొకం అలగున్నాది? తిన్నావా?"

"తిన్నానవ్వా."

"నా ఫొటో ఎప్పుడొస్తాది? బిడ్డ తల మీద నాను చెయ్యి పెట్టింది, ఆ ఫొటో. బేసిల్ వచ్చి మేకు కొట్టింది గోడకి. చూడు రా."

అవ్వ తెలుగులో తనైనా బేసిల్ అయినా ‘పెట్టింది’, ‘కొట్టింది’ అనే. వెళ్ళి చూశాను. ముందు గదిలో ఏసుప్రభువు పటం పక్కన కొత్త మేకు. దాని కింద సున్నం ఇంకా రాలి ఉంది.

"అవ్వా, ఆ ఒక్కటీ రాలేదు. కెమెరా చెడిపోయింది" అన్నాను.

"కొత్త కెమెరా?"

"కొత్తదే."

అవ్వ నా మొహంలోకి చూసింది. "హావ్" అంది, జూలూవాళ్ళు ఆశ్చర్యపోయినప్పుడు అన్నట్టు. గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

పులుసు తినబుద్ధి కాలేదు. ఉప్పు ఎక్కువైంది.

5 నవంబర్, బుధవారం

ఉప్పు సరిగ్గానే ఉంది. పొద్దున్నే తిన్నాను.

వచ్చే ఏడు ఎన్నికలు. ఈ శని ఆదివారాల్లో ఓటర్ల నమోదు అట, గుర్తింపు పుస్తకాల ఫొటోల కోసం పొద్దుటి నుంచీ స్టూడియో బయట క్యూ. వీళ్ళు కూడా తెర చూడాల్సిందే. ఒకతను ఆరుసార్లు తీయించుకున్నాడు. ఒక జూలూ పెద్దావిడ మాత్రం చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నా మొహం నాకు తెలుసు" అని కుర్చీ దిగిపోయింది. ఆవిడ బొమ్మే అన్నిటికంటే బాగా వచ్చింది.

తరుణ్ ఫోన్ చేశాడు. వరంగల్ అబ్బాయి, డర్బన్‌లో కంప్యూటర్ ఉద్యోగం, మా ఆయన ఉన్నప్పటి నుంచీ పరిచయం. మాటల్లో అవ్వ ఫొటో సంగతి చెప్పాను. చెప్పకూడదనుకుంటూనే చెప్పాను.

"డిలీట్ చేస్తే పోతదని ఎవరు చెప్పిన్రక్కా? లిస్టులకెల్లి పేరు మాత్రమే పోతది. దాని మీద కొత్త ఫొటో పడేదాక బొమ్మ ఆడనే ఉంటది. ఆ కార్డుల మల్ల ఏమన్న తీసిన్రా?"

"లేదు. వెంటనే మార్చేశాను."

"మంచిగ చేసిన్రు. ఇంక దాన్ని కెమెరాల పెట్టకుండ్రి. ఆదివారం వచ్చి చూస్త."

కార్డు నిండలేదు. అప్పటికి సగమే అయింది. నిండిందని ఎందుకన్నానో నాకే తెలియదు.

6 నవంబర్, గురువారం

పెళ్ళి బొమ్మలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కార్డు ఇంటికి తెచ్చి కుంకుమ భరిణెలో పెట్టాను. సరిగ్గా పట్టింది. భరిణె ఎలాగూ ఖాళీగానే ఉంది.

7 నవంబర్, శుక్రవారం

బేసిల్ కార్డు అడిగాడు. రేపు వాళ్ళ చర్చిలో పెళ్ళి. ఉన్నవే రెండు కార్డులు, ప్రతి పెళ్ళికీ ముందు రెండింటిలోని బొమ్మలూ చెరిపి ఖాళీ చేసుకోవడం అతని పద్ధతి.

"నా దగ్గరుంది. ఇవ్వను" అన్నాను.

"ఇవ్వనంటే ఏంటి ఇందిరా? అది షాపు కార్డు."

"సోమవారం ఇస్తాను. రేపటి పెళ్ళి నేను ఫిల్మ్‌తో తీస్తాను."

"ఫిల్మ్ ఫినిష్. ఫిల్మ్ చచ్చిపోయింది. జనం తెర చూపించమంటారు. ఏం చూపిస్తావు?"

"చచ్చిపోయినవాళ్ళతో ఉండటం నాకు అలవాటే బేసిల్."

అతను రేపటి పెళ్ళి చీటీ తీసి చూసుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ భయం ఉంది, వీధిలో ఇంకో రెండు స్టూడియోలు డిజిటల్ బోర్డులు పెట్టాయి. చివరికి అన్నాడు, "రేపు ఏదైనా తేడా వస్తే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

సరే అన్నాను. ఈ ఊళ్ళో నాకున్నది ఆ ఉద్యోగం, అవ్వ ఇచ్చిన ఈ గది. రెండూ ఒకేసారి పోయేలా చేసుకున్నాను. అయినా కార్డు మాత్రం ఇవ్వను.

8 నవంబర్, శనివారం

నాలుగు రీళ్ళు. నా పాత కెమెరా చేతికి బరువుగా, హాయిగా ఉంది.

మొదటి క్లిక్‌కే తోడి పెళ్ళికూతుళ్ళు నలుగురూ గౌనులెత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. కెమెరా వెనక్కి తొంగి చూశారు. అక్కడ నల్లటి తోలు, ఏ రీలు వేశానో గుర్తుకి నేను దోపుకున్న అట్టముక్క. "తెర ఏది ఆంటీ?" "లేదమ్మా." "మరి మేం ఎలా వచ్చామో?" "బుధవారం తెలుస్తుంది." ఒకమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

అరగంట అయ్యేసరికి రావడం మానేశారు. క్లిక్‌మన్నా ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. పెళ్ళికొడుకు తండ్రి ఏడ్చాడు, ముక్కు తుడుచుకుని మళ్ళీ ఏడ్చాడు. రెండూ తీశాను. డిజిటల్ అయితే ఆయనే వచ్చి తీసేయించేవాడు. ఇప్పుడవి రీలులో ఉన్నాయి, నేనే చెరపాలనుకున్నా చెరపలేను.

అవ్వ మూడో వరసలో కూర్చుంది. నా వైపు చూడలేదు. ముప్పై ఏళ్ళ కిందట భర్త పోయిన ఏడాదే ఈ చర్చికి రావడం మొదలుపెట్టిందట. ఇక్కడ ఎవరూ వెనక్కి నిలబడమనలేదు, అందుకే వచ్చాను అని ఒకసారి నాతో అంది.

9 నవంబర్, ఆదివారం

తరుణ్ వచ్చాడు. కార్డు భరిణెలోంచి తీసి ఇస్తే ఏమీ అడగకుండా తీసుకున్నాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఏదో నడిపిస్తే గంటలో ముప్పై ఒక్క బొమ్మలు లేచి వచ్చాయి. ఆ రోజు ఎవరెవరు ఏమేం తీసేయించారో అవన్నీ. మూతపడ్డ కళ్ళు, తెరుచుకున్న నోళ్ళు, జారిన పైట సర్దుకుంటున్న వియ్యపురాలు, లడ్డు నమిలే పురోహితుడు. పెళ్ళంటే నాకు గుర్తున్నది ఇదే.

అవ్వ వచ్చింది, ఎక్కడా చెక్కు చెదరలేదు. చేతుల మీద నరాలు కనబడుతున్నాయి. కింబర్లీ కూడా కళ్ళు మూసుకుందని అప్పుడు నేను గమనించలేదు. ఏడ్చాను. తరుణ్ లేచి టీ పెట్టడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చి, "ఇంకోటి ఉన్నదక్కా. దాని మీద వేరే ఫొటో కొంచెం పడ్డది, సగమే వచ్చింది. ఇది మీరే కదా?" అన్నాడు.

నేనే. పై సగం నుదురు, కళ్ళు, ముక్కు. కింద అంతా బూడిద రంగు.

ఇక్కడ నేను రాయనిది ఒకటుంది. ఆ ఆదివారం, ఇంకా ముహూర్తం కాకముందు, అవ్వ నా చేతిలోంచి కెమెరా లాక్కుంది. "ఎప్పుడూ ఎనకే ఉంటావు. నిన్ను ఎవరు తీస్తాది? నిలబడు" అంది. నిలబడ్డాను. ఏ మీట నొక్కాలో తెలియక కెమెరా కళ్ళకి తలకిందులుగా పెట్టుకుంది, నాకు నవ్వు ఆగలేదు. తిప్పి పట్టుకుని అప్పుడు నొక్కింది. తెర మీద చూసుకున్నాను. వెనక అంత మంది పట్టుచీరల ముత్తైదువలు, ముందు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న నేను. మూడేళ్ళలో నేనలా నవ్వలేదు. సిగ్గేసింది. వెంటనే బుట్ట నొక్కాను.

లొరెయిన్ పక్కనే ఉంది. "అంతేనా అక్కా? ఇంక పోయినట్టేనా?" అని అడిగింది. పోయినట్టే అన్నాను.

ఆమెకి ఆ బుట్ట ఎక్కడుందో తెలిసింది నా వల్ల. నా ఫొటో తీసెయ్యమని నాతో ఎవరూ అనలేదు. వారం రోజులుగా లొరెయిన్‌ని తిట్టుకుంటూ ఇక్కడ ఎన్ని పేజీలు రాశానో చూసుకుంటే ఒళ్ళు మండుతోంది.

వెనక బాగుంటుందని రాశాను. అబద్ధం.

10 నవంబర్, సోమవారం

రెండు బొమ్మలూ ప్రింటు తీసి అవ్వ దగ్గరికి వెళ్ళాను. కూర్చోమనకముందే చెప్పేశాను. కెమెరా చెడిపోలేదు, లొరెయిన్ అడిగింది, నేను చెరిపాను, నీతో అబద్ధం చెప్పాను.

అవ్వ తన ఫొటో రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఆ లొరెయిన్ సంగతి నాకు తెలీదా? ఆయమ్మకి అందరన్నా బయమే. నీకు ఒకటి చెప్తాను ఇను. తొంబై నాలుగులో అందరికీ ఓటు వచ్చినప్పుడు పొద్దుటేల నించి పొద్దు గూకే దాకా లైన్లో నిలబడింది నాను. తెల్లోళ్ళు ముందరున్నారు, జూలూవోళ్ళు ఎనకున్నారు. ముసల్దానా పక్కకి జరుగు అని ఒక్కడు అనలేదు. ఇప్పుడు నాను పెంచిన వీరా బిడ్డ పెళ్ళిలో జరుగుతానా? ఐకోనా."

ఐకోనా అంటే గనుల్లో, తోటల్లో పుట్టిన భాషలో కుదరదని. అవ్వ అంటే మరీ కుదరదని.

"మరి నాను తీసింది ఏది? నీది?"

దాని సంగతీ చెప్పాను. అది ఎవరూ అడగకుండా నేనే చెరిపానని.

అప్పటిదాకా లేని కోపం అప్పుడొచ్చింది. "అది నాది. నాను తీసింది. నా బతుకులో ఒక్క ఫొటో తీసింది నాను, అది చెరపడానికి నువ్వెవరే? సిగ్గు లేదా?" అని తిట్టింది. ఇంగ్లీషు రాలేదు, అంతా తెలుగే. మా అమ్మ పోయాక నన్నెవరూ అలా తిట్టలేదు. తల వంచుకుని ఆ సగం బొమ్మ ఇచ్చాను.

"మొత్తం రాలేదవ్వా."

చాలాసేపు చూసింది. "కళ్ళు ఉన్నాయి కదా. చాలు" అంది. తన ఫొటో మేకుకి తగిలించింది. సుత్తి నా చేతికిచ్చింది.

"ఇంకో మేకు కొట్టు."

కొట్టాను.

12 నవంబర్, బుధవారం

చర్చి పెళ్ళి ఫొటోలు ఇచ్చాం. పెళ్ళికొడుకు తండ్రి తను ఏడుస్తున్న బొమ్మలు రెండూ చాలాసేపు చూసి, పెద్దవి చేయించమన్నాడు. బేసిల్ నా వైపు చూడకుండా చీటీ రాసుకున్నాడు.

మధ్యాహ్నం అవ్వ ఫొటో పెద్దది చేసి స్టూడియో అద్దాల్లో పెట్టాను, వీధిలోకి కనబడేలా. అవ్వని అడిగే పెట్టాను. "పెట్టు. పెద్దది పెట్టు" అంది.

సాయంత్రానికల్లా లొరెయిన్ ఫోన్. బేసిల్ చాలాసేపు "యెస్, సిస్టర్" అంటూ విన్నాడు. ఫోన్ పెట్టేసి దాన్ని తీసెయ్యమన్నాడు.

"తియ్యను. నువ్వే తీసుకో. నన్ను కూడా తీసెయ్" అన్నాను.

అతను బయటికి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాడు. మేవిస్ అవ్వే అతనికి చర్చిలో ఆదివారం బైబిలు పాఠాలు చెప్పిందట, ఆరేళ్ళప్పుడు. నేను చేతిసంచి సర్దుకుని కూర్చున్నాను.

లోపలికొచ్చి, "గ్లాస్ మీద మరకలున్నాయి. పొద్దున్నే తుడువు" అన్నాడు.

13 నవంబర్, గురువారం

లొరెయిన్ తనే వచ్చింది. లోపలికి రాలేదు. నేనే బయటికి వెళ్ళాను.

"అబ్బాయి వైపువాళ్ళు ఈ దారినే పోతారక్కా."

"పోనీ. చూస్తారు."

"ఆ రోజు నువ్వే కదా నొక్కావు."

"నేనే. వెనక్కి తెచ్చింది కూడా నేనే."

ఫొటో వంకే చూస్తూ నిలబడింది. కింబర్లీ కళ్ళు మూసుకున్న సంగతి ఆమె కూడా అప్పుడే చూసినట్టుంది. బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. నాకు జాలేసింది. అయినా ఫొటో అక్కడే ఉంటుంది.

14 నవంబర్, శుక్రవారం

రేపు యూజీన్ గారి అమ్మాయి పెళ్ళి. నాలుగు వందల మంది. బేసిల్ డిజిటలే వాడమన్నాడు, వాడతాను. దాని మీద నాకేం పగ లేదు. బ్యాటరీలు చార్జింగ్‌లో పెట్టాను, కార్డులు రెండూ బ్యాగులో వేశాను.

అవ్వ కూడా వస్తోంది. రేపు మొదటి బొమ్మ నాది, తీసేది ఆవిడ. కెమెరా ఎటు పట్టుకోవాలో సాయంత్రం పావుగంట నేర్పాను.

కరెంటు తీగలకి చుట్టే నల్ల టేపు కత్తిరించి తెర మీద నాలుగు వైపులా అంటించాను. గోటితో గీకినా రాదు. రేపు అందరూ వీపు వెనక చేరతారు, చూపించమంటారు. చెడిపోయిందని చెప్పొచ్చు.

చెప్పను. బాగానే ఉంది, నేనే అంటించాను అంటాను.